లేడని రాసి వచ్చిన ఇల్లు

రెవెన్యూలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. విచారణ రిపోర్టు ఎలా రాయాలో చెప్పండి సార్ అంటారు. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ నా రిపోర్టులకు కొంచెం పేరుండేది. అక్షరం గుండ్రం, కొట్టివేత ఉండదు, చదివినవాళ్ళకు మళ్ళీ ప్రశ్న పుట్టదు. ఆ పేరు చూసుకుని నేను మురిసిపోయేవాణ్ణి కూడా. అందుకే వాళ్ళకు బాగా రాసిన రిపోర్టులు చూపించను. ఒక్క కొట్టివేతా లేకుండా రాసి, ఒక మనిషి నోటి దగ్గర మందు లాగేసిన రిపోర్టు గురించి చెబుతాను.

మాది కోస్తా. ఇన్‌స్పెక్టరుగా పాతబస్తీకి బదిలీ చేసినప్పుడు దాన్ని శిక్ష అనుకున్నాను. ఏడాది తిరిగేసరికి అక్కణ్ణించి కదలబుద్ధి కాలేదు. దానికి సగం కారణం మా చైన్‌మ్యాన్. చైన్‌మ్యాన్ అంటే భూములు కొలిచేటప్పుడు గొలుసు పట్టుకునే ఉద్యోగి. పాతబస్తీలో కొలవడానికి భూమెక్కడుంది? గొలుసు బీరువాలో తుప్పు పట్టింది. ఆయన మాత్రం ప్రతి గల్లీలో ఎవరింట్లో ఎవరికి జ్వరమో, ఎవరి పిల్ల ఏ బడికి పోతుందో కంఠస్థం చేసుకుని కూర్చున్నాడు. నా మాటలు విని, "సార్, మీరు మాట్లాడ్తుంటే రేడియోల వార్తలు చదివినట్టే ఉంటది" అని ఏడిపించేవాడు. నాకన్నా రెండేళ్ళు పెద్ద. ఇప్పుడు లేడు. ఉండి ఉంటే ఈ కథ నాకన్నా బాగా చెప్పేవాడు.

ఒక ఎండాకాలం నా బల్ల మీదికి ఒక దరఖాస్తు వచ్చింది. యాకుత్‌పురా స్టేషను వెనక గల్లీలో ఒక ఇల్లు. పుట్టుకతోనే నడక, మాట రాని ఒక కుర్రాడికి వికలాంగుల పింఛను వస్తోంది. అతను తన పని తాను చేసుకోలేడు గనుక, అతని తరఫున తల్లి తీసుకునేది. తల్లి చనిపోయింది. ఇకనుంచి సంరక్షకురాలిగా తన పేరు పెట్టమని అక్క అర్జీ. మేం చెయ్యాల్సిందల్లా ఆ ఇంటికి వెళ్ళి, మనిషిని కళ్ళారా చూసి, ఇరుగుపొరుగుల్లో ఇద్దరిచేత పంచనామా మీద సంతకాలు తీసుకోవడం. పదిహేను నిమిషాల పని.

ఆ పదిహేను నిమిషాలు ఎలా గడిచాయో వినండి. గల్లీ మొదట్లో కిరాణా కొట్టు దగ్గర నిలబడి, రేషను షాపు ఎక్కడని అడిగినట్టే, "ఇక్కడ అవిటి కుర్రాడు, మతిలేనివాడు ఉన్న ఇల్లేది?" అని గొంతెత్తి అడిగాను. కొట్టతను తెల్లబోయి చూశాడు. నేను కాగితంలో ఇంటి నంబరు చదివాను. ప్రభుత్వం మనిషి వచ్చాడంటే ఊరికే ఉంటారా, ఏడెనిమిది మంది నా వెంట నడిచారు. ఊరేగింపులా వెళ్ళి తలుపు కొట్టాను.

ముప్పై రెండు, ముప్పై మూడేళ్ళ ఆడమనిషి తలుపు సగం తెరిచింది. మెడలో టేపు ఉంది, జాకెట్లు కుట్టుకుంటుందని తెలుస్తూనే ఉంది. లోపల రేడియో చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. ఆమె నన్ను చూడలేదు, నా వెనకున్న జనాన్ని చూసింది.

"మీ తమ్ముణ్ణి చూడాలమ్మా" అన్నాను.

"తమ్ముడెవరు సార్? నేనొక్కదాన్నే ఉంట. మీరు తప్పు ఇంటికి వచ్చిన్రు."

"ఈ అర్జీ మీద సంతకం నీది కాదా?"

"కాదు సార్. ఎవరన్న నా పేరు వెట్టి ఇచ్చిన్రేమో."

చైన్‌మ్యాన్ నా చొక్కా పట్టుకుని గుంజాడు. "సార్, జర ఆగున్రి. లోపల రేడియో..." అని ఏదో చెప్పబోయాడు. నాకు ఆగే ఓపిక ఎక్కడిది? లేని మనిషి పేరుమీద ఎవరో పింఛను తింటున్నారు, నేను పట్టుకున్నాను. ఆ సంతోషంలో అక్కడే గోడకు కాగితం ఆనించి, "విచారించగా సదరు చిరునామాలో అట్టి వ్యక్తి ఎవరూ లేరని తేలినది" అని రాసేశాను. కిరాణా అతను సంతకం పెట్టాడు. రెండో సాక్షి పక్కింటి ముసలామె. గల్లీలో అందరూ ఖాలా అని పిలుస్తారు, అంటే పిన్ని. ఆమె కాగితం చేతిలోకి తీసుకుని, తలుపు దగ్గరున్న ఆ పిల్ల మొహం వంక చాలాసేపు చూసింది. తర్వాత నా పెన్ను అడిగి ఉర్దూలో సంతకం చేసింది. నా ఇంగ్లీషు సంతకం కన్నా అందంగా ఉంది.

పింఛను ఆగిపోయింది.

నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం, ఆఫీసులో అందరూ టిఫిను డబ్బాలు విప్పుకునే వేళ, చైన్‌మ్యాన్ ఆమెను నా దగ్గరికి తీసుకొచ్చాడు. పొద్దున పదింటినుంచి వరండాలో కూర్చుని, జనం పల్చబడ్డాక లోపలికి వచ్చిందట.

"ఉన్నడు సార్" అంది, కూర్చోకుండానే. "మా తమ్ముడు ఉన్నడు."

నాకు ఒళ్ళు మండింది. "మరి ఆ రోజు లేడన్నావేం?"

"మీరు గల్లీ మొత్తం ఎంటేస్కొని వస్తిరి గదా సార్. ఏమనాలె?"

అప్పుడు చెప్పింది. అంతకుముందు రెండు ఇళ్ళు ఖాళీ చేయించారట. వాడు అరుస్తున్నాడని, పొద్దున లేచి వాడి మొహం చూస్తే మంచిది కాదని. మూడో ఇంటికి వచ్చేటప్పుడు అమ్మా, తానూ కలిసి ఆటోలో వాణ్ణి పరుపుచుట్ట పక్కన పడుకోబెట్టి, చీకటి పడ్డాక లోపలికి చేర్చారు. అప్పట్నుంచీ ఎనిమిదేళ్ళు ఎవరికీ తెలియనివ్వలేదు. ఆ మధ్యలో చెల్లెలికి కార్వాన్‌లో పెళ్ళయింది. తమకు ఇద్దరు కూతుళ్ళే అని చెప్పి చేశారు. రక్తంలో ఉందంటారని భయం.

"పింఛను కావాలంటే వాడు ఉన్నడని చెప్పాలె. ఉన్నడని చెప్తే ఇల్లు పోతది. తమ్ముని పేరు మీద బతుకుతున్నదని గూడ అంటరు. గివన్ని నాకు ఎర్కే. గని సార్, ఫిట్స్ గోలీలు ఆ పైసలతోనే వస్తుండె. ఇప్పుడు రోజు రెండు వేసేది ఒకటే వేస్తున్న. మొన్న ఒక్కరోజే మూడుసార్లు వచ్చింది. నాలిక కరుసుకున్నడు."

నా టిఫిను డబ్బా మూత ఇంకా నా చేతిలోనే ఉంది. దాన్ని మళ్ళీ డబ్బాకు బిగించి లేచాను.

మా తహసీల్దారు మేడం ఫైలు చూసి కళ్ళజోడు తీసింది. "లేడని మీరే రాశారు. ఇప్పుడు ఉన్నాడని మీరే రాస్తారా?" అంది. మళ్ళీ విచారణకు ఒప్పుకుంది కానీ, ఫోటో, సంరక్షకురాలి వాంగ్మూలం, ఇద్దరు స్థానికుల సంతకాలు ఉండాలంది. "మొదటి విచారణ తప్పని కూడా మీ చేత్తోనే రాయండి" అంది. ముప్పై ఏళ్ళ సర్వీసులో అలాంటి వాక్యం నేను రాయలేదు. అయినా అది పెద్ద కష్టమనిపించలేదు. అసలు కష్టం వేరే ఉంది. గల్లీలో ఎవరికీ అనుమానం రాకుండా ఆ గడప దాటడం ఎలా? నన్ను అందరూ చూశారు. మళ్ళీ ఫైలు పట్టుకుని వెళితే మళ్ళీ ఊరేగింపే.

ఉపాయం చైన్‌మ్యాన్ చెప్పాడు. "పెళ్ళిచూపులకు పోదాం సార్."

"ఎవరికయ్యా?"

"ఎవరికైతేంది? మీరు పోయినసారి పిల్లను చూసిన్రు. మీ చుట్టాలల్ల ఎవరికో అడుగుతున్నరని అనుకుంటరు. అమ్మగారిని తోల్కొని రాన్రి, పండ్లు వట్టుకోన్రి. శుభకార్యానికి వచ్చినోళ్ళకు ఎవడు అడ్డం రాడు. లోపల కూసొని నిమ్మళంగ రాస్కుందాం. సాక్షులంటరా, నేను మూడు గల్లీల అవతలనే ఉంట. నేను, నా పెండ్లాం సంతకం జేస్తం."

నాకు బ్రహ్మాండంగా తోచింది. ఆమెను పిలిపించి చెప్పాను. తల వంచుకుని విన్నది. "సరే సార్" అంది. వెళుతూ వెళుతూ, రెండో శనివారం ఎన్ని గంటలకు వస్తారని రెండుసార్లు అడిగింది. తమ్ముడికి అన్నం పెట్టే వేళ చూసుకోవడానికనుకున్నాను.

ఇంట్లో చెబితే మా ఆవిడ నావైపు వింతగా చూసింది. "అబద్ధపు పెళ్ళిచూపులా? ఇదేం ఉద్యోగమండీ?"

"ఆ అమ్మాయి ఒప్పుకుంది."

"ఒప్పుకోక ఏం చేస్తుంది? తర్వాత సంగతి ఆలోచించారా?"

తర్వాత పింఛను వస్తుంది, ఇంకేముంటుంది అన్నాను. రెండో శనివారం మధ్యాహ్నం, దారిలో పత్తర్‌గట్టి దగ్గర ఆటో ఆపించి ఒక జాకెట్టు గుడ్డ, మూర మల్లెపూలు కొన్నది. నాటకానికి ఇవన్నీ ఎందుకన్నాను. "నాటకం మీది. ఒక ఆడపిల్ల ఇంటికి వట్టి చేతులతో నేను రాను" అంది.

గల్లీలోకి అడుగు పెట్టగానే కిరాణా అతను కొట్లోంచి లేచి నిలబడ్డాడు. నన్ను గుర్తుపట్టాడు. మా ఆవిడ చేతిలో పూలు, చైన్‌మ్యాన్ చేతిలో అరటిపళ్ళు, వెనక అతని భార్య. కొట్టతని మొహం విప్పారింది. "పోన్రి సార్, పోన్రి. మంచి పిల్ల" అన్నాడు ఎవరూ అడక్కుండానే. వీధి అరుగుల మీది ఆడవాళ్ళు సర్దుకుని దారి ఇచ్చారు. ఈసారి మా వెంట ఎవరూ రాలేదు. చైన్‌మ్యాన్ నావైపు చూసి కన్ను గీటాడు.

ఒకటే గది, చిన్న వంటిల్లు. కిటికీకి దుప్పటి మేకులతో కొట్టి ఉంది. మంచం చుట్టూ పాత చీరలు అడ్డంగా కట్టి ఉన్నాయి, వాడు దొర్లి కింద పడకుండా. నేను లేడని రాసిన మనిషి ఆ మంచం మీద ఉన్నాడు. ఇరవై నాలుగేళ్ళుంటాయి, పద్నాలుగేళ్ళ పిల్లాడి ఒళ్ళు. నున్నగా గడ్డం గీసి, తల దువ్వి, కొత్త చొక్కా తొడిగింది. ఎనిమిదేళ్ళు ఆ గది దాటని మనిషి ఒంటిమీద ఒక్క పుండు లేదు. ఉద్యోగరీత్యా నేను చాలా మంచాలు చూశాను, ఆ మాట ఎంత పెద్దదో నాకు తెలుసు.

మా ఆవిడ చేతిలోని మల్లెపూలు చూసి వాడు నవ్వాడు. గది దద్దరిల్లేంత నవ్వు. అక్క అలవాటుగా రేడియో దగ్గరికి పరుగెత్తింది. "వద్దమ్మా, నవ్వనీ" అంది మా ఆవిడ.

అక్క చిలకపచ్చ చీర కట్టుకుంది. జాకెట్టు కొత్తది, చేతుల అంచుకు సన్నటి జరీ. నాకు అలాంటివి కనపడవు, తర్వాత మా ఆవిడ చెబితే తెలిసింది. నేను ఫోటో తీసుకుని, వాంగ్మూలం రాసుకుంటూ పోయాను. ఆమె తమ్ముడికి చెంచాతో కొంచెం కొంచెంగా చాయ్ పోస్తూ, కొంగుతో గడ్డం తుడుస్తూ జవాబులు చెప్పింది.

"అమ్మ పోయినంక ఈ కుర్చీల కూసున్నది మీరే" అంది మధ్యలో మా ఆవిడతో. "ఎవరన్న వస్తే కూసోవెట్టి చాయ్ ఇయ్యాలని మస్తు ఉంటది అమ్మా. గని ఎవరన్న తలుపు కొడ్తే గుండె దడదడ కొట్టుకుంటది."

ఇంతలో స్టేషను మీదుగా రైలు పోయింది. వాడు దాంతోపాటు పెద్దగా కేక పెట్టాడు. ఆ కేక అణగకముందే తలుపు తెర పైకి లేచింది.

పక్కింటి ఖాలా. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో బంగారు గీతల పింగాణీ కప్పులు. "లడ్కేవాలె ఆయె కతె!" అంటూ నవ్వుతూ వచ్చింది, పెళ్ళికొడుకు తరఫువాళ్ళు వచ్చారటగా అని. ఒంటరి పిల్ల ఇంటికి సంబంధంవాళ్ళు వస్తే, మంచి కప్పులైనా ఉన్నాయో లేదోనని తన పెళ్ళినాటి కప్పులు తెచ్చింది. పెళ్ళిచూపులంటే పక్కింటివాళ్ళు రాకుండా ఉంటారని మా చైన్‌మ్యాన్ ఎలా అనుకున్నాడో, దాన్ని నేనెలా నమ్మానో! ఇద్దరం ఆడపిల్లల తండ్రులమే.

అక్క దిగ్గున లేచి కొంగు పరిచి మంచానికి అడ్డంగా నిలబడింది. ఇల్లు పోయిందనుకున్నాను. నేను చేసిన రెండో ఘనకార్యం ఇది అనుకున్నాను.

ఖాలా పళ్ళెం కింద పెట్టింది. ఆమెను తప్పించుకుని అటువైపు నుంచి వచ్చి మంచం అంచున కూర్చుంది. వాడి చొక్కా కాలరు సర్దుతూ, "క్యా రే రాజా, కొత్త అంగీనా?" అంది.



"మధ్యల ఒక్క గోడ బేటీ" అంది ఖాలా. "ఆఠ్ సాల్ అయింది. నాకు చెవుడనుకున్నవా? రైలు పోతే నవ్వుతడు, వాన వస్తే ఏడుస్తడు. వీడు అరిచినప్పుడల్ల నేను మిక్సీ వెడ్త, గల్లీల ఇనవడొద్దని. దాండ్ల ఏం లేకున్న తిప్పుత. మా కోడలు నాకు పిచ్చి లేసిందన్కుంటది."

నేను ఆగలేకపోయాను. "మరి ఆ రోజు పంచనామా మీద లేడని సంతకం పెట్టారేమ్మా?"

ఖాలా నావైపు తిరిగింది. "క్యా సాబ్! సొంత అక్కనే లేడని చెప్పినంక, ఉన్నడని నేను చెప్పి ఆమె ఇజ్జత్ తీయాల్నా? చదువుకున్నోళ్ళు, గంత గూడ తెల్వదా?"

ఖాలా చెబితే కిరాణా అతన్ని కూడా చైన్‌మ్యాన్ వెళ్ళి పిలుచుకొచ్చాడు. అతను గడప దగ్గరే చెప్పులు విడిచి, లోపలికి తొంగి చూసి తల గోక్కున్నాడు. "నాకు గూడ ఎర్కే సార్. ఒక్క మనిషికి అన్ని పాలపాకెట్లు ఏం జేస్కుంటది? అడిగితే పరేషాన్ అయితదని ఊకున్న" అన్నాడు.

ఆమె దాచింది. దాచిందని తెలిసి వాళ్ళు దాచారు. ఇంతమంది ఒకరి పరువు ఒకరు కాపాడుకుంటుంటే, మధ్యలో నేను వెళ్ళి గుండ్రటి అక్షరాలతో నాలుగు నెలల మందులు ఆపించాను. ఆమె అక్కడే నేల మీద కూలబడి మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చింది. ఎనిమిదేళ్ళ ఏడుపు. ఖాలా ఆపలేదు, వీపు నిమురుతూ కూర్చుంది. అది చూస్తూ నేను కూడా కళ్ళజోడు తుడుచుకున్నాను.

కొంచెం తేరుకున్నాక ఖాలా కప్పుల్లో చాయ్ పోసి మా ఆవిడకు అందిస్తూ, "అబ్బాయి ఏం జేస్తడమ్మా?" అని అడిగింది. కిరాణా అతను కూడా చెవి ఇటు పెట్టాడు.

మా ఆవిడ నన్ను చూసింది. నేను చైన్‌మ్యాన్‌ను చూశాను. అతను ఫ్యాను వంక చూస్తున్నాడు.

ఆ పిల్లే చెప్పింది. ముక్కు తుడుచుకుని, మామూలు గొంతుతో చెప్పింది. "ఏ అబ్బాయి లేడు ఖాలా. వీళ్ళు నా కోసం రాలే. మా తమ్ముని పింఛను కోసం వచ్చిన్రు."

ఖాలా చేతిలోని కప్పు పళ్ళెంలో పెట్టేసింది. కిరాణా అతను నేల చూపులు చూశాడు. "అచ్ఛా" అంది. తర్వాత నన్ను కాగితం అడిగి తీసుకుని, మునుపటిలాగే అందంగా సంతకం చేసింది. కిరాణా అతనూ చేశాడు. చైన్‌మ్యాన్ దంపతుల సంతకాలతో పని పడలేదు.

సోమవారం రిపోర్టు ఇచ్చాను. మొదటి విచారణ నా తొందరపాటు వల్ల తప్పుగా జరిగినదని రాశాను. మేడం చదివి కింద సంతకం చేసింది. పై నెలనుంచి పింఛను మళ్ళీ వచ్చింది, గోలీలు పూటకు సరిగ్గా పడ్డాయి. ఇంటాయన ఖాళీ చేయమంటే, ఖాలా, కిరాణా అతను వెళ్ళి పెద్ద లొల్లి చేసి వచ్చారని చైన్‌మ్యాన్ చెప్పాడు. కార్వాన్ చెల్లెలి ఇంట్లో తెలిసిందో లేదో నాకు తెలియదు. ఆ తర్వాత మూడేళ్ళు నేను ఎక్కడికి విచారణకు వెళ్ళినా ఒక్కణ్ణే వెళ్ళాను, మొదట మంచినీళ్ళు అడిగి కూర్చున్నాను. ఇంతవరకూ కొత్త పిల్లలకు చెబుతాను. మిగతాది చెప్పను, మీకు చెబుతున్నాను.

ఆ రోజు వచ్చేసేటప్పుడు అక్క మా ఆవిడకు బొట్టు పెట్టింది. మా ఆవిడ జాకెట్టు గుడ్డ ఆమె చేతిలో పెట్టి, మల్లెపూలు తనే ఆమె జడలో తురిమింది. ఖాలా లోపల మంచం దగ్గరుంది. అక్క గడప దాకా వచ్చి, నాకు మాత్రమే వినపడేంత మెల్లగా అంది.

"అబద్ధమని నాకు ఎర్కే సార్. మీరు ముందే చెప్పిన్రు. అయినా నాలుగు రోజుల సంది మస్తు సంబురంగ ఉండె. చీర ఇస్త్రీ చేస్కున్న. అందరికి జాకెట్లు కుట్టుడే గని, నాకు నేను కుట్టుకొని ఎన్నేండ్లయిందో. ఖాలా అడగకపోతే ఇంకో పావుగంట గట్లనే ఉంటుండె గదా అనిపిచ్చింది."

ముప్పై ఏళ్ళుగా ఆమె తమ్ముడిలాంటివాళ్ళ గురించి వివరాలు రాసే గడులున్న కాగితాలు చూశాను. ఆమె గురించి అడిగే గడి ఒక్కటీ లేదు, నేనూ అడగలేదు.

"మళ్ళీ రాన్రి సార్, అమ్మను తోల్కొని" అంది. "ఏం పని లేకున్నా రాన్రి."

వస్తానమ్మా అన్నాను. రిటైరయ్యాక ఎన్నోసార్లు అటువైపు వెళ్ళాను. ఎన్నోసార్లు యాకుత్‌పురా స్టేషనులో దిగి, ఆ గల్లీ ఇవతలి మలుపుదాకా నడిచాను. ఆ గదిలో కూర్చుని ఒక కప్పు చాయ్ తాగాలని, రైలు పోతుంటే వాడి నవ్వు వినాలని ఎంతగా ఉంటుందో చెప్పలేను. కానీ నేనూ మా ఆవిడా ఆ గల్లీలో కనపడితే, ఈసారి నిజంగానే సంబంధం తెచ్చామనుకుని కిరాణా అతను లేచి నిలబడతాడు, ఖాలా కప్పులు కడుగుతుంది, ఆమె లోపల గబగబా జుట్టు సరిచేసుకుంటుంది. ఈసారీ నా వెనక పెళ్ళికొడుకంటూ ఎవరూ ఉండరు. ఆ భయంతో వెనక్కి తిరిగి వస్తాను. ఇంతవరకు ఆ ఇంటికి వెళ్ళలేదు.